మానే నేల

పరవాడలోని ఆ మందుల ఫ్యాక్టరీలో ఎపాక్సీ పూత పూసిన నేల తన గాయాలను తానే మాన్పుకుంటుంది. గీత పడితే "మాన్పనా?" అని అడుగుతుంది. నేలలు చూసుకునే కూర్మారావు "ఊఁ" అంటే చాలు. ఒక్క గీత దగ్గర మాత్రం అతను కొన్నాళ్లుగా "వద్దు" అంటున్నాడు. అతని భార్య పైడమ్మ చనిపోయే ముందు చివరిసారి డ్యూటీకి వచ్చినప్పుడు, ఆమె తోసిన బండి చక్రం గీసిన గీత అది. ఎవరికీ కనబడకుండా దాని మీద "తడి నేల, జాగ్రత్త" అన్న పసుపు బోర్డు పెట్టాడు.

"ఈ నేల నెల్లాళ్లనించీ ఆరలేదేటి బాబాయ్?" అంది సూపర్‌వైజరు జ్యోత్స్న, బోర్డు పక్కకు జరిపి.

అతను బోర్డు కోసం చెయ్యి చాపాడు.

"పిన్ని బండిదని నాకు తెల్సు. కానీ అందులో దుమ్ము సేరితే మందులో పడతాది. రేపే తనిఖీ. మాన్పమని దానికి నేను సెప్పను. నువ్వే సెప్పు."

ఆ మందు మింగేవాళ్లు ఎవరి భార్యలో, ఎవరి బిడ్డలో. కూర్మారావు గొంతుకూర్చుని గీతను వేలితో తడిమాడు. "మాన్పు," అన్నాడు.

ఇన్నేళ్లలో గీత ఎలా మానుతుందో అతనెప్పుడూ ఆగి చూడలేదు. అంచులు రెండూ దగ్గరికి వస్తాయనుకున్నాడు. రాలేదు. అడుగున సన్నగా తేమ ఊరింది.

"కిందనించి నిండతాదేటమ్మా?"

"అవును బాబాయ్. పైన ముందే మూసీసుకుంటే లోపల గుల్లగా ఉండిపోద్ది. మళ్లీ అక్కడే పగులుద్ది."

"తొందర లేదు కదా?"

"దానికైతే లేదు."

కూర్మారావు అక్కడే కూర్చుని, అది పైదాకా నిండేవరకు చూశాడు.