నాలుగో కాపీ

పాత వీడియో గేమ్ కాసెట్లు పాడైపోకముందే ఫణిశ్రీ వాటిలోని ఆటల్ని కంప్యూటర్లోకి ఎక్కించి దాస్తుంది. ప్రతి ఆటనీ రెండుసార్లు కాపీ చేస్తుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే ఆమెకు నమ్మకం.

ఆ రాత్రి రాజమండ్రిలోని తన గదిలో ఒంటరిగా కూర్చుని తీసిన కాపీలు కలవలేదు. అది కార్ల పందెం ఆట. మొదటి కాపీలో రోడ్డు చివర ఎవరో చుక్కలా నిలబడి ఉన్నారు. రెండో కాపీలో ఆ మనిషికి చేతులు కనిపిస్తున్నాయి.

కాసెట్ ఇచ్చిన అచ్చిబాబు గారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. ధవళేశ్వరంలో ఒకప్పుడు ఆయనకు వీడియో గేమ్ షాపు ఉండేది.

"ఇందులో మనుషులు కూడా ఉంటారాండీ?"

"మనుషులెక్కడమ్మా? వట్టి కార్లేనండి. పదేళ్ళు ఆడించాను, నాకు తెలీదా?"

కాసెట్ లోపలి చిప్‌లో ఉన్నది చదవడమే గాని, మార్చడం ఎవరి వల్లా కాదు. ఆమె కాసెట్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. మూడో కాపీలో ఆ మనిషి తెరంతా నిండిపోయాడు. మొహం మాత్రం లేదు. ఆ మాటే ఫోన్లో ఆయనకు చెప్పింది.

ఫణిశ్రీ ఫ్యాను ఆపి చెవులు రిక్కించింది. వంతెన మీద రైలు వెళ్ళిపోయాక ఏ చప్పుడూ లేదు.

నాలుగో కాపీలో రోడ్డు ఖాళీగా ఉంది.

"పోయాడండీ," అంది ఊపిరి పీల్చుకుంటూ. "ఇప్పుడెవరూ లేరు."

"హమ్మయ్య. రేపు కాసెట్ ఇవ్వడానికొచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళాలమ్మా. ఆయన్ని కూడా తీసుకురండి."

"ఎవర్నండీ?"

"అదేనండీ, ఇప్పుడే మీ పక్కన ఎవరో దగ్గారు కదా, ఆయన్ని."