ఖాళీ వదిలిన అంకె

"నీ సంతకమొక్కటే మిగిలిందమ్మా," అంటూ ల్యాబ్ అటెండరు కాగితాల కట్టను టైపిస్టు ముందు పెట్టాడు.

యూనివర్సిటీలో తాత్కాలిక సిబ్బంది సంఘాన్ని గుర్తించి, జీతాల గురించి తమతో మాట్లాడమని కోరే అర్జీ అది. నెలరోజులు కాళ్లరిగేలా డిపార్టుమెంట్లన్నీ తిరిగాడు.

"రిజిస్ట్రారుగారికి ఎప్పుడిస్తావు బాబాయ్?"

"ఇదిగో, ఇప్పుడే. ఇన్ని సంతకాలు చూశాక ఎలా కాదంటారో నేనూ చూస్తా!"

ఆమె కంప్యూటర్ తెరను అతనివైపు తిప్పింది. ఆ అర్జీకి జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. 'క్షుణ్ణంగా పరిశీలించాం. గుర్తింపు ఇవ్వడం సాధ్యం కాదు.'

"నేనింకా అర్జీ ఇవ్వనే లేదు కదమ్మా!"

"రిజిస్ట్రారుగారు నిన్ననే నాతో కొట్టించారు. సంతకాలెన్నో తెలియదుగా, ఆ అంకె ఒక్కటీ ఖాళీ వదలమన్నారు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడాయి. కట్టలో చివరి పేరు పక్కనున్న వరుస సంఖ్య చూసి, "రెండొందల పన్నెండు," అన్నాడు.

ఆమె కట్టను దగ్గరికి లాక్కుని, చివరి పేరు కింద తన పేరు రాసి సంతకం పెట్టింది.

తర్వాత కీబోర్డు మీదికి వంగి, ఖాళీలో 213 అని కొట్టింది.