గోడలు దాటే రూటర్

"చవగ్గా ఉండాలి. కానీ ఒక్క పూట కూడా మొరాయించకూడదు. రెండు గోడలు దాటి అవతలికి అందాలి" అంది దేవకుమారి టీచరు.

ఏలూరు పవర్‌పేటలో కంప్యూటర్ సామాన్లమ్మే తోమా టీ గ్లాసు పక్కన పెట్టాడు. వచ్చినవాళ్ళంతా ఏది చవకో అది ఇమ్మనేవాళ్ళే. ఈవిడేమో వైర్‌లెస్ రూటర్‌ని పెళ్ళికొడుకుని ఎంచినట్టు ఎంచుతోంది.

"ఒక్క సిస్టమే అయితే వైరు చాలండీ. వైర్‌లెస్ దండగ."

"నాకు వైర్లు వద్దండీ."

తోమా మూడు పెట్టెలు దించాడు. మొదటిది చవకే గానీ ఎండలు ముదిరితే వేడెక్కి ఆగిపోతుందన్నాడు. ఏలూరు ఎండలకి అదేం పనికొస్తుందని ఆవిడ పక్కకు నెట్టేసింది. రెండోదాని ధర వినగానే కళ్ళజోడు సవరించుకుంది. పింఛను మీద బతికే మనిషాయె. మూడోది రెండు యాంటెనాలది. ధర పర్వాలేదు, గ్యారంటీ కూడా ఉంది.

"పాతకాలపు ఇటుక గోడలైనా దాటుతుందా?"

"దాటుతుందండీ. ఎటొచ్చీ పక్కింటోళ్ళు వాడేసుకుంటారండీ."

"తాళం వేసుకునే వీలుందా?"

"పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చండీ."

"అయితే ఇదే ఇవ్వండి."

మర్నాడు తోమా తన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వట్లూరులో ఆవిడ ఇంటికి వచ్చాడు. హాల్లో బిగిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. తూర్పు గోడకి ఆనించి, వంటింటి అలమరలో పెట్టించింది.

"దీనికి పేరేం పెట్టమంటారండీ? సిగ్నల్ అందిన ప్రతివాళ్ళకీ ఆ పేరే కనపడుద్ది."

"రాహేలమ్మ అని పెట్టండి."

అదీ అయింది. "మీ సిస్టమ్‌లో కూడా పెట్టి చూపిస్తానండీ" అన్నాడు తోమా.

"అది తర్వాత సంగతండీ. ముందు వీధిలోకెళ్ళి, ఆ పక్కింటి గేటు ముందు నించుని సిగ్నల్ ఎంతుందో చూసి రండి."

ఫుల్లుగా ఉందని అతను వచ్చి చెప్పాక గానీ ఆవిడ కాఫీ ఇవ్వలేదు.

తూర్పు వైపున్న ఆ పక్కిల్లు భాస్కరరావుది. కొల్లేటి వైపు చేపల చెరువులున్న ఆసామి. వీధి మొత్తానికి ఆయనింట్లోనే ఫోను ఉన్న రోజుల్లో, ఫోను లేనివాళ్ళు ఆయన నంబరే చుట్టాలకి ఇచ్చుకునేవారు, పక్కన పీపీ అని రాసి. దేవకుమారీ అలాగే ఇచ్చుకుంది. ఒకరోజు పొద్దున్నే తణుకు ఆసుపత్రి నుంచి ఆవిడ తమ్ముడు ఇస్సాకు ఫోన్ చేశాడు. అమ్మ పోయేలా ఉంది, అక్కని వెంటనే పంపండి అని. భాస్కరరావు "చెప్తాంలే" అని పెట్టేశాడు.

చెప్పింది సాయంత్రం. మొక్కలకి నీళ్ళు పోస్తూ, ప్రహరీ మీంచి.

"పొద్దున మీ తమ్ముడు ఫోన్ చేశాడండీ. పనిలో పడి మరిచేపోయాను."

ఒక్క కేక వేస్తే వినపడే దూరం! ఆవిడ తణుకు చేరేసరికి తల్లి కళ్ళు మూసేసింది. పెద్దమ్మాయి వచ్చిందా అని ఆఖరిదాకా అడుగుతూనే ఉందట.

ఆ తర్వాత ఆవిడ ఆయన గుమ్మం తొక్కలేదు. తొక్కకపోతే ఆయనకేం పోయింది? దెబ్బ తగలాలంటే ఆయనకి ఈవిడతో అవసరం పడాలి. చెరువులూ కార్లూ ఉన్న మనిషికి పింఛను టీచరుతో అవసరమేముంటుంది? కసి అంతా కడుపులోనే పెట్టుకుని, ఎదురుపడితే తల తిప్పుకుని పోవడమే ఇన్నేళ్ళూ ఆవిడ చేయగలిగింది.

ఇన్నాళ్ళకి పడింది అవసరం. పుణెలో ఆయన కూతురు పద్మప్రియకి కొడుకు పుట్టాడు. తుంటి విరిగి మంచాన ఉన్న భార్య జ్ఞానప్రసూనాంబ, మనవణ్ణి కంప్యూటర్ కెమెరాలోనైనా చూపించమని ఒకటే పోరు. ఆ పోరు ప్రహరీ ఇవతల దేవకుమారి చెవినా పడింది. ఆయన ల్యాప్‌టాప్ కొన్నాడు. డేటా కార్డు పెడితే బొమ్మ కదల్లేదు. ఫోను లైను మీద నెట్ పెట్టించుకుందామని వెళితే, మీ వీధికి కొత్త కేబులు వేసేదాకా కుదరదు, ఉన్న ఆఖరి లైను టీచరు గారికి ఇచ్చేశామన్నారు.

ఆదివారం పొద్దున ఆయన ఈవిడ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఈవిడ అనలేదు.

"టీచరు గారూ, మా ల్యాప్‌టాప్‌లో రాహేలమ్మ అని వస్తోందండీ. ఫుల్లుగా వస్తోంది. మీదేనంట కదండీ. ఎవరండీ ఆ రాహేలమ్మ?"

దేవకుమారికి ఒళ్ళు భగ్గుమంది. ఈ మహానుభావుడికి ఆ పేరు కూడా తెలియదు.

"మా అమ్మండీ. తణుకు ఆసుపత్రిలో పోయింది."

భాస్కరరావు మొహం పాలిపోయింది. గేటు గొళ్ళెం పట్టుకున్నాడు.

"నాది తప్పేనండీ. కాదనను. మా ఆవిడేం చేసిందండీ పాపం? అన్నం కూడా ముట్టట్లేదు. పిల్లాణ్ణి ఒక్కసారి చూపించమని ఏడుస్తోంది."

"ఒక్కసారి చూడాలని మా అమ్మా ఏడ్చిందటండీ."

ఆయన తల దించుకున్నాడు. ఆ దించిన తలని దేవకుమారి తనివితీరా చూసింది. జాలి రాకపోలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే దిగమింగింది.

"పాస్‌వర్డ్ చెప్పండి టీచరు గారూ. మీకు అడ్డం రానండీ. మీరు వాడుకోగా మిగిలిందే ఇవ్వండి."

"మిగలదండీ. పొద్దస్తమానం నాకే చాలట్లేదు" అని దేవకుమారి తలుపేసుకుంది.

వంటింట్లోకి వెళ్ళి, పచ్చ లైట్లు వెలుగుతున్న రూటర్ ముందు పీట వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళకి కడుపు చల్లబడింది.

ఆ ఇంట్లో కంప్యూటర్ లేదు, ఇకముందు కొనే ఉద్దేశమూ ఆమెకి లేదు.