తదిక చెప్పిన పేరు

“మహారాణివి, మట్టిలో కూర్చుంటావేంటక్కా? ఆ చాప లాక్కో,” అంది తదిక, జొన్నపిండి కలుపుతూనే.

మలెకయే చాప లాక్కోలేదు. మెరోవే కోట నుంచి రెండు రోజులు పడవలో వచ్చిందేమో, నడుము పట్టేసింది. ఎదురుగా నైలు వరద నీటితో ఎర్రగా పారుతోంది.

“మన ఆయనకి నీ చేతి రొట్టె అంటే ప్రాణం. నేను చేస్తే ఒక ముక్క తుంచి చెయ్యి కడుక్కునేవాడు,” అంది మలెకయే.

“నీ రొట్టె అలా ఉండేది మరి.”

ఇద్దరూ నవ్వారు.

“వరదొస్తే నిన్ను పడవెక్కించి తిప్పేవాడు. నేను మేడ మీంచి చూసేదాన్ని.”

“తెలుసు. ఎటు తిప్పినా నీ మేడ పక్కనుంచే పోనివ్వమనేవాడు.”

“నన్ను ఏడిపించడానికే.”

తదిక పిండిలో ఇంకాసిని నీళ్లు చిలకరించింది.

ఇరవై ఏళ్ల క్రితం మలెకయే పట్టపురాణి, తదిక రాజుగారి ముద్దుల భార్య. ఇద్దరికీ చెరో కొడుకు. రాజుగారు మంచం పట్టేసరికి నదికి ఆ ఒడ్డున ఒకరి విలుకాళ్లు, ఈ ఒడ్డున మరొకరి విలుకాళ్లు దిగారు. పోయే ముందు రాజు ఎవరి పేరు పలికితే వారిదే సింహాసనం. ఆ ఘడియలో ఆయన పక్కన ఉన్నది తదిక ఒక్కతే. ఆమె బయటికి వచ్చి సవతి కొడుకు పేరు చెప్పింది. విలుకాళ్లు విళ్లు దించారు. ఆమె కొడుకు తెనెక మాత్రం దక్షిణానికి వెళ్లిపోయాడు. మళ్లీ తల్లి మొహం చూడలేదు.

“అంత చేసినా నీ మీద కుళ్లు చావలేదే నాకు,” అంది మలెకయే. “ఆయన పోయింది నీ ఒళ్లో కదా. ఒక్కటి చెప్పు. నిజంగా నా కొడుకు పేరే అన్నాడా?”

తదిక చెయ్యి ఆగింది. “లేదు.”

మలెకయే తల ఊపింది. “అనుకున్నా. నీ కొడుకు పేరే అనుంటాడు. యుద్ధం ఆపడానికి నువ్వు అబద్ధమాడావు. నీ కాళ్లకి మొక్కాలే.”

“మొక్కకక్కా. నేనంత మంచిదాన్ని కాదు. నీకు చెందాల్సింది ఒకటి దాచేసుకున్నా. బయటికొచ్చి చెబుదామంటే నోరు రాలేదు. దానికి బదులుగా రాజ్యం ఇచ్చేశా.”

“రాజ్యానికి సరితూగేది నాదేముందే నీ దగ్గర?”

తదిక పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“ఆయన చివరిగా పలికింది నీ పేరే అక్కా.”