శివన్న నంబరు

వనపర్తిలో కురుమూర్తి నడిపే నెట్ సెంటర్‌లో ఒకప్పుడు తొమ్మిది కంప్యూటర్లు. తొమ్మిదోది భాగస్వామి శివన్నది. శివన్న చనిపోయాక మిషన్ అమ్మేశాడు గానీ, దాని నంబరు మాత్రం ఇంకే మిషన్‌కీ ఇవ్వలేదు. మనసొప్పలేదు.

ఆ రాత్రి షట్టరు లోపలినుంచి దించి తాళం వేసుకున్నాడు. పొద్దుటినుంచి నెట్ నత్తనడక. తన మిషన్ ముందు కూర్చుని, ఏది పలుకుతుందో తెలియడానికి ఒక్కో మిషన్ నంబరూ కొట్టి పిలిచి చూశాడు. అన్నీ పలికాయి. చేతి అలవాటున తొమ్మిదీ కొట్టాడు.

అదీ పలికింది. జవాబుకి పట్టిన సమయం తెర మీద పడింది: ఎనభై. మిషన్ ఎంత దగ్గరుంటే ఆ అంకె అంత చిన్నది.

కురుమూర్తి లేచి తన తీగ ఒక్కటే ఉంచి, బయటి లైనుతో సహా అన్నీ పీకేశాడు. ఫ్యాన్ ఆపాడు. గదిలో తన ఊపిరే వినిపిస్తోంది. మళ్లీ పిలిచాడు.

నలభై.

వైరింగ్ చేసిన నర్సిములుకి ఫోన్ చేశాడు. "బయటోడెవడన్న మన తొమ్మిదో నంబర్ వాడుతుండా ఏంది?"

"లేదన్నా. గది లోపటి నంబర్. గా నాలుగు గోడల నడుమనే పలుకుతది. పరేషాన్ గాకు, బయటోడు ఎవ్వడు రాలేడు."

ఫోన్ పెట్టేసి షట్టరు దగ్గరికి పరుగెత్తాడు. తాళం తిరగడం లేదు. వెనక్కి చూశాడు. ఎవరూ పిలవకుండానే తెర మీద జవాబులు పడుతున్నాయి.

పది. నాలుగు. ఒకటి.