ఆకలి లేని తిండి

“చెయ్యి తెరువు.”

పుల్ల పిడికిలి విప్పలేదు. తల్లి కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. అరచేతిలో తడిసి ముద్దైన చక్కెర.

“అన్నం తిని గంట కాలేదు కదే! అది కడుపా, చెరువా?”

అప్పటిదాకా లారీ మీద వెళ్ళిన మొగుడి గురించి పడుతున్న దిగులు కాస్తా పిల్ల మీదికి మళ్ళింది. పుల్ల మూతి తుడుచుకుని తల్లి ముఖంలోకి పరీక్షగా చూసింది. దొరికిపోయిన పిల్ల తలదించుకోవాలి గానీ, అలా చూస్తుందేమిటి?

పుట్టినప్పుడు పుల్లలా ఉందని పెట్టుకున్న ముద్దుపేరది. ఇప్పుడు ఇంత లావయ్యాక ఆ పేరు పెట్టి పిలిస్తే బళ్ళో పిల్లలు పడీపడీ నవ్వుతున్నారట. పదేళ్ళకే మూడంతస్తులు ఎక్కేసరికి గోడ పట్టుకుని నిలబడిపోతోంది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చిందమ్మా. లోపలికి రానివ్వకండి.”

ఆ రోజు నుంచి పిల్ల వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది ఆమెకు. బ్రెడ్డు, బిస్కెట్లు, పాలపొడి అలమరలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మిషను సొరుగులో, గుండీల డబ్బా అడుగున దాచింది. పిల్ల పచ్చి బియ్యం బొక్కింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తల్లి పాస్టరమ్మ చేతులు పట్టుకుని బావురుమంది.

“అది ఆకలి కాదమ్మగారూ! నా బిడ్డనేదో పట్టింది.”

“ఏదీ పట్టలేదు, ఊరుకో చెల్లెమ్మా. మనసులో బాధ ఉంటే కొందరు ఏడుస్తారు, కొందరు తింటారు. అలమరకి తాళం వేస్తే ఏమొస్తుంది? లోపల మనసు మారాలి.” పాస్టరమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. “పుల్లా, ఈసారి తినాలనిపిస్తే ముందు మోకాళ్ళ మీద కూర్చో. లోపల ఏం బాధుందో ప్రభువుతో చెప్పు. ఆయనకి చెప్పుకున్నాక ఆ తిండితో పనుండదు. సరేనా?”

“ఆయన వెంటనే వింటాడా ఆంటీ?”

“వినకేం?”

పిల్ల బుద్ధిగా తలూపింది. మూడు రోజులు ఏమీ ముట్టలేదు. తల్లికి ఆ నిమ్మళం కూడా భయంగానే తోచింది.

బుధవారం సాయంత్రం వాన. మధ్యాహ్నం ఫోను చేస్తానన్న మొగుడు చేయలేదు. ఆమె చేస్తే స్విచ్ఛాఫ్. పక్కవాటా ఆవిడ తలుపులోంచి తల పెట్టింది.

“వదినా, కొండదారిలో లారీ ఏదో బోల్తా పడిందట. టీవీలో చూపించారు.”

“ఏ రంగు లారీ?”

“చూసేలోపు వేరే వార్త వేసేశారు. అయినా నీకెందుకులే కంగారు, లోకంలో ఆయనదొక్కటేనా లారీ?”

ఆవిడ వెళ్ళిపోయింది. మిషను ఆగిపోయింది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది. ఆమె నేల మీద చతికిలబడి గుండెలు బాదుకుంది.

“అయిపోయింది! నా బతుకు అయిపోయింది! ఆయనకేమైనా అయితే నేనుంటానా? నేనూ చచ్చిపోతాను దేవుడా!”

ఆ ఏడుపులోనే కంట పడింది. పుల్ల అలమర ముందు మోకరించి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. తల్లి ప్రాణం ఒక్క క్షణం లేచివచ్చింది. మళ్ళీ ఫోను కలిపింది. స్విచ్ఛాఫ్. ఆమె గొంతు మరింత పైకి లేచింది. పిల్ల పెదవులు ఇంకా వడిగా కదిలాయి.

అంతలో పుల్ల ప్రార్థన సగంలోనే లేచింది. సరాసరి వచ్చి మిషను సొరుగు లాగింది. గుండీలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. డబ్బా అడుగునున్న తాళంచెవితో అలమర తెరిచింది. బ్రెడ్డు పొట్లం తెచ్చి, తల్లికి ఎదురుగా నిలబడి, ఆమె కళ్ళలోకి చూస్తూ ముక్క తర్వాత ముక్క నోట్లో కుక్కుకుంది.

“ఛీ! సిగ్గుందా నీకు?” తల్లి విసురుగా లేచింది. “కన్నతండ్రి ఉన్నాడో లేడో తెలీకుండా ఉంటే తిండి యావా? ఊసెయ్! ఊసెయ్ ముందు!”

పొట్లం లాక్కుంది. రెక్క పట్టుకుని పంపు దగ్గరికి ఈడ్చింది. నోరు కడిగించింది. గుండీలు ఏరిస్తూ తిట్టింది, నేల తుడిపిస్తూ తిట్టింది. ఫోను మోగేదాకా తిడుతూనే ఉంది.

“ఛార్జింగ్ అయిపోయిందే. ఊరికే హైరానా పడతావెందుకు?” అన్నాడు మొగుడు.

ఆ భయం అలా తీరింది. ఇంకొకటి పట్టుకుంది. ప్రార్థనలోంచి లేచి వచ్చి మరీ తిన్న పిల్లను ఇక ఎవరు కాపాడతారు?

తెల్లారగానే పాస్టరమ్మ ఇంటికి లాక్కెళ్ళింది. జరిగిందంతా విని పాస్టరమ్మ ఆమెను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది.

“నువ్వు కాసేపు మాట్లాడకు చెల్లెమ్మా.” పిల్ల వైపు తిరిగింది. “తిండి యావ తీసెయ్యమని అడిగావా పుల్లా?”

“లేదాంటీ.”

“మరేం అడిగావు?”

“అమ్మ ఏడుపు ఆపమని. ఆయన వెంటనే వినలేదు.”

“అందుకని బ్రెడ్డు తిన్నావా? అంత ఆకలేసిందా?”

“ఆకల్లేదు. వాంతొచ్చేలా అనిపించింది.”

“అమ్మ చూస్తే తిడుతుందని తెలుసుగా?”

“తెలుసు.”

“తెలిసీ ఎదురుగా నిలబడి తినడమేమిటమ్మా?”

పిల్ల గుమ్మం వైపు ఒకసారి చూసి, తల్లికి వినపడకూడదని గొంతు తగ్గించింది.

“నన్ను తిడుతున్నంతసేపూ అమ్మ చచ్చిపోతాననదు ఆంటీ.”