నాలుగు వందల నలుగురు

“నిన్న ఆదివారం మన ఆట ఎంతమంది ఆడారో తెలుసా సార్? నలుగురు!”

లెక్కలమ్మాయి తన లాప్‌టాప్‌ను యజమాని వైపు తిప్పింది.

“ఆదివారం కదమ్మా. జనానికి సెలవు.”

“సెలవు రోజునే కదా సార్ ఎవరైనా ఆడుకునేది?”

అది చిన్న గేమింగ్ కంపెనీ. రెండు గదులు, ముగ్గురు మనుషులు, ఒకే ఒక్క ఆట. ఫోన్ తెర మీద కుప్పగా రాలిపడే మేజోళ్ళను జతలుగా కలపాలి. యజమాని డబ్బు పెట్టాడు. ఆయన బావమరిది ఆట తయారుచేశాడు. ఎవరెప్పుడు వచ్చారు, ఎంతసేపు ఆడారు అన్నది లెక్కలమ్మాయి చూస్తుంది. రేపు పెట్టుబడిదారు వస్తున్నాడు. ఆయన సంతకం పెట్టకపోతే నెలాఖరుకి కంపెనీకి తాళమే.

“ఆ నలుగురూ ఎవరు?” అడిగాడు బావమరిది.

“సార్, మీరు, నేను, మీ అమ్మగారు.”

“మరి మామూలు రోజుల్లో?”

“నాలుగు వందల నలుగురు. మనం పోగా మిగిలిన ఆ నాలుగు వందల మందీ సరిగ్గా తొమ్మిదిన్నరకి మొదలుపెడతారు. ఒంటిగంటకి ఆపేస్తారు. మళ్ళీ రెండింటికి వచ్చి ఆరింటికి మాయమైపోతారు.”

“ఆహా, ఏం క్రమశిక్షణ!” యజమాని పరవశించిపోయాడు.

“నాకు భయంగా ఉంది సార్. దొంగ అకౌంట్లేమో! పెట్టుబడిదారు కనిపెట్టాడంటే మనల్ని ఉతికి ఆరేస్తాడు.”

“శుభం పలకవే అంటే ఇదేం గోలమ్మా? ఆయన మూడు నెలల కిందట వచ్చి ‘చూసి చెబుతాను’ అని వెళ్ళాడు. ఆ వారంలోనే జనం విరగబడ్డారు. ఆయన పాదం అలాంటిది!”

“మా బావకి అన్నీ పాదాలే,” గొణిగాడు బావమరిది.

లెక్కలమ్మాయి ఊరుకోలేదు. తవ్వగా తవ్వగా మధ్యాహ్నానికి తేలింది: నాలుగు వందల మందీ ఒకే భవనం నుంచి ఆడుతున్నారు. అదీ నాలుగు వీధుల అవతల. యజమానిని వెంటబెట్టుకుని పరుగెత్తింది.

ఆరంతస్తుల భవనం. బోర్డు లేదు. కాపలామనిషి లోపలికి వదల్లేదు. సరిగ్గా ఒంటిగంటకి మెట్ల మీదుగా జనం బిలబిలా దిగారు. ప్రతి ఒక్కరూ బొటనవేలు నొక్కుకుంటున్నారు.

యజమాని ఒకావిడకి అడ్డం వెళ్ళాడు. “అమ్మా, మీరు మేజోళ్ళ ఆట ఆడతారా?”

“పొద్దస్తమానం అదే కదండీ. కళ్ళు మూసుకున్నా మేజోళ్ళే!”

“ఒక్కరోజు మానేసి చూడకపోయారా?”

“మానడమే! అంత అదృష్టమా?” ఆవిడ నిట్టూర్చి క్యాంటీన్ వైపు నడిచింది.

యజమాని కళ్ళు చెమర్చాయి. “చూశావా అమ్మాయ్? దొంగ అకౌంట్లు కాదు, రక్తమాంసాలున్న మనుషులు! ఆఫీసు పని ఎగ్గొట్టి మరీ ఆడుతున్నారు.”

“అందరూ ఒకే ఆఫీసులోనా సార్?”

“అంటువ్యాధమ్మా ఇది. ఒకడు ఆడితే పక్కవాడికి అంటుకుంటుంది. వీళ్ళకి జీతాలిచ్చే మహానుభావుడెవరో గానీ, పాపం!”

మర్నాడు పెట్టుబడిదారు వచ్చాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా కాగితాలు అందుకున్నాడు.

“రోజుకి నాలుగు వందల నలుగురు. సరే. ఒక్కొక్కరూ ఎంతసేపు ఆడతారు?”

“ఏడున్నర గంటలు సార్,” అంది లెక్కలమ్మాయి.

“ఏడున్నర నిమిషాలా?”

“గంటలే.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “రిటెన్షన్? మొదట్లో చేరినవాళ్ళలో ఎంతమంది నిలిచారు?”

“మూడు నెలల్లో ఒక్కరే మానేశారు సార్. ఆ మర్నాడే ఆ లోటు ఇంకొకరు భర్తీ చేశారు.”

“ప్రచారానికి ఎంత పోశారు?”

“దమ్మిడీ లేదండీ,” అన్నాడు బావమరిది.

“ఇంతకీ ఎవరు వీళ్ళంతా?”

లెక్కలమ్మాయి లాప్‌టాప్ మూసేసింది. ఇక దాచి లాభం లేదు. “ఒకే ఆఫీసువాళ్ళు సార్. పని మానేసి మన ఆట ఆడుతున్నారు.”

పెట్టుబడిదారు పగలబడి నవ్వాడు. “వాళ్ళని మేపుతున్న వెర్రిబాగులవాడు ఎవడో!”

యజమాని కూడా నవ్వాడు. బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు.

అంతలోనే పెట్టుబడిదారు మొహం బిగించాడు. “కానీ మీ ఆట పరమ బోరని నాకు రిపోర్టు వచ్చింది.”

నవ్వులు టక్కున ఆగిపోయాయి. బావమరిది మొహం మాడిపోయింది. యజమాని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

“అయితే మనుషుల మాటలు నేను నమ్మను. అంకెలే నమ్ముతాను. ఇలాంటి అంకెలు నా జన్మలో చూడలేదు. పెన్ను ఇలా ఇవ్వమ్మా!”

సంతకం పడింది. ముగ్గురూ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపారు. పెట్టుబడిదారు మెట్లు దిగుతూ ఫోన్ తీశాడు.

“సంతకం అయిపోయింది, ఆ మేజోళ్ళ ఆటని పరీక్షిస్తున్న మన నాలుగు వందల మందినీ ఇక ఆపేయమను.”